చివరి వరుసలో ఉన్న భాష

సోమవారం, డ్రిల్లు రోజు

మా సంస్థలో అందరి చిట్టాలూ యంత్రమే రాసిపెడుతుంది. కొనసాగింపు అధికారి మాత్రం సొంత భాషలో, సొంత చేత్తో రాయాలని నియమం. యంత్రాలన్నీ ఆగిపోయిన రోజున కూడా చదవడానికి ఒక కాగితం మిగలాలని కాబోలు. ఏం జరిగినా సంస్థ సేవ ఆగకుండా చూసే ఆ అధికారిని నేనే. పేరు హైమవతి. మాటవారధి సంస్థలో నీ పని ఏమిటని ఎవరైనా అడిగితే, "ఏమీ జరగనన్నాళ్లూ నేను ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తాను" అని చెబుతుంటాను.

ఇవాళ డ్రిల్లు బాగా నడిచింది. రేవు పక్కనున్న ప్రధాన కేంద్రం ఆగిపోయిందని అనుకొని అనువాదం పనంతా కొండ మీది కేంద్రానికి మళ్లించాం. మళ్లిస్తుండగా నేను కావాలనే బజారుకి వెళ్లాను. చేపలమ్మే ఆవిడది ఎక్కడో మునిగిపోయిన డెల్టా. ఆమె తన భాషలో అరుస్తుంటే నా చెవిబిళ్లలో "తాజా వంజరం, పొద్దున్న పట్టింది!" అని తెలుగు పడుతోంది. నేను తెలుగులో బేరమాడుతుంటే ఆమె చెవిలో ఆమె భాష పడుతోంది. మాట ఎక్కడా తెగలేదు. ఊరంతటికీ అంతే. సముద్రం లోపలికి వచ్చిన తరవాత ఎక్కడెక్కడి వాళ్లో చేరి కట్టుకున్న ఊరు ఈ కొత్తరేవు. ఇక్కడ పక్కింటివాళ్ల భాష మనకు రాదు. నేర్చుకోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. లిఫ్టు ఉండగా ఎవరు మెట్లెక్కుతారు?

డ్రిల్లు అయ్యాక నా సహాయకుడు జోసఫ్, అతనూ తెలుగువాడే, ఒక మాట అన్నాడు.

"మేడమ్, కొండ కేంద్రంలో చిన్న భాషలు లేవు. మీ ఇంటి భాష కూడా లేదు."

"తెలుసు. ఆ వరుస మీద సంతకం నాదే" అన్నాను.

కొండ కేంద్రం చిన్నది. ప్రధాన కేంద్రం మోసే బరువులో మూడో వంతు మోస్తే గొప్ప. అందుకే ఏది ముందు నిలబెట్టాలి, ఏది ఆగినా ఫరవాలేదు అన్న వరుస ఉండాలి. ఆసుపత్రులు, కాన్పుల వార్డులు, అగ్నిమాపకం, సముద్ర రక్షణ ముందు. తరవాత కోర్టులు, పోలీసు స్టేషన్లు. తరవాత ఆఫీసులు. ఇళ్లు చివర. ప్రతి వరుసలోనూ ఎక్కువమంది మాట్లాడే భాషలు ముందు. మా ఆయన పేరు ఇరవో, అత్తగారి పేరు సెమూ. వాళ్లు మాట్లాడే తెవు భాషకు ఈ ఊళ్లో రెండు వీధుల మంది కూడా లేరు. అది అన్ని వరుసల్లోనూ చివరే.

ఆ వరుస రాసినప్పుడు నేను న్యాయంగానే రాశాను. ఇప్పుడు రాయమన్నా దాదాపు అలాగే రాస్తాను.

బుధవారం

పొద్దున్నే పైడిరాజు ఫోను. ప్రధాన కేంద్రం యంత్రాలను చల్లబరిచేది సముద్రపు నీరు. ఆ నీటిని తోడే పంపుహౌసుకి అతను ఇంజినీరు. మాది ఒకే భాష కనుక అతనితో మాట్లాడేటప్పుడు చెవిబిళ్ల తీసేస్తాను. హాయిగా ఉంటుంది.

"మేడమ్, ఒకపాలి వచ్చి చూడండి. పైపు మూతికాడ జాలీ కనబడ్డం లేదు. మొత్తం జెల్లీలే."

వెళ్లి చూశాను. గోధుమరంగు జెల్లీ చేపలు కుప్పలుగా పేరుకుని జాలీకి అంటుకుపోయి ఉన్నాయి. మనుషులు పారలతో ఎత్తిపోస్తున్నారు. గట్టు మీద ఎండకి కరిగి జారిపోతున్నాయి. ముక్కు పగిలే వాసన.

"ఇలాగ తోడితే అలాగ వచ్చెత్తన్నాయి. నీళ్లు ఏడెక్కే కొద్దీ ఈటికి పండగే" అన్నాడు పైడిరాజు.

"నీళ్లు సగం ఆగితే కేంద్రం నడుస్తుందా?"

"నడుస్తది. బరువు తగ్గిత్తే నడుస్తది. మూడొంతులు ఆగితే మాత్రం నన్నడక్కండి."

డైరెక్టరు ఇందుమతి గారికి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. వలలు, అదనపు మనుషులు వెంటనే మంజూరు చేశారు. "కొండ కేంద్రానికి ఇప్పుడే మారిపోదామా?" అని కూడా ఆవిడే అడిగారు. వద్దన్నాను. మారితే ఇళ్లలో మాట ఆగిపోతుంది. ఇంకా రాని ప్రమాదానికి ఊరినంతా మూగ చెయ్యడమెందుకు అన్నాను. అదీ నిజమే.

శుక్రవారం

బరువు తగ్గించాం. సినిమాలు, ఆటలు, పాఠాల అనువాదాలు ఆపేశాం. చిన్న భాషలకు యంత్రం వాటా కుదించాం. దాంతో తెవు మాటలు ఆలస్యంగా వస్తున్నాయి.

అత్తయ్య బాల్కనీలో కూర్చుని వల అల్లుకుంటూ ఉంటుంది. మాది పన్నెండో అంతస్తు. వలలు ఎవరూ కొనరు, అయినా అల్లుతుంది. రెండు నెలలుగా ఆయాసం. టీ ఇచ్చి, మందు వేసుకున్నారా అని అడిగాను. నా ప్రశ్న ఆమెకు చేరడానికి చాలాసేపు పట్టింది. ఆమె పెదాలు కదిలాయి. ఆగాను. తరవాత నా చెవిలో యంత్రం గొంతు:

"వేసుకున్నాను కోడలా. నీ మాట నా దగ్గరికి రావడానికి ఈమధ్య దారి పొడవైపోయింది."

నవ్వాను. ఆమె కూడా నవ్వింది, ముందు నేను, తరవాత ఆమె.

సాయంత్రం ఇరవో పని నుంచి వచ్చాడు. అతను రేవులో పడవల మోటార్లు బాగుచేస్తాడు. చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"రేవులో అందరూ అనుకుంటున్నారు, కేంద్రం ఆగిపోతుందని. ఆగితే మా భాష ఉంటుందా?"

"కొండ మీద లేదు. వచ్చే సంవత్సరం పెడదామని అనుకుంటున్నాం."

"ఇప్పుడు పెట్టలేవా? నువ్వే కదా ఆ పని చూసేది?"

"నేను చూసేదాన్ని కాబట్టే పెట్టలేను ఇరవో. మా ఇంటి భాష అని ముందుకు జరిపితే రేపు ప్రతివాళ్లూ వచ్చి అడుగుతారు."

అతను తువ్వాలుతో చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తరవాత నా చెవిబిళ్లలో "సరే" అని పడింది. చెవిబిళ్ల ఎదుటివాళ్ల అసలు గొంతును అణిచేసి తన గొంతు వినిపిస్తుంది. అతను ఆ 'సరే'ని ఎలా అన్నాడో నాకు తెలియదు. మా పెళ్లై ఎన్నాళ్లయినా, తెలియదని ఇవాళే తోచింది.

ఆదివారం

ఇడ్లీలు పెడుతుండగా చెవిలో చిన్న టక్కుమన్న చప్పుడు. తరవాత ఇల్లంతా కొత్తగా వినిపించింది. కింద వీధిలో అరుపులు, పైవాళ్ల కుళాయి, బల్ల దగ్గర అత్తయ్య.

అత్తయ్య మాట్లాడుతోంది. సన్నని గొంతు ఉంటుందనుకున్నాను. కాదు. బొంగురుగా, కింద నుంచి వచ్చే గొంతు. వాక్యం చివర ప్రతిసారీ కొంచెం పైకి లేస్తుంది. ఆమె నా వైపు చూసి "తెలావె" అంది. నన్నే పిలుస్తోంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో చెప్పింది, కిటికీ వైపు చూపించి ఇంకేదో చెప్పింది. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో నాకే తెలియదు.

ఇరవో లోపలి గదిలోంచి వచ్చి తల్లితో మాట్లాడాడు. అతని గొంతు కూడా నాకు కొత్తే. కాస్త నత్తి ఉంది! మాట మొదట్లో తడబడతాడు. నా చెవిబిళ్ల ఇన్నేళ్లూ ఆ నత్తిని సరిచేసి వినిపించింది.

అప్పటికే ఫోను మోగుతోంది. జోసఫ్.

"మేడమ్, నీళ్లు పూర్తిగా ఆగిపోయాయి. ప్రధాన కేంద్రం తనంతట తానే ఆరిపోయింది. కొండ మీదికి మళ్లిస్తున్నాను. మీరు రావాలి."

నేను బయల్దేరబోతుంటే ఇరవో చెయ్యి పట్టుకున్నాడు. తల్లిని చూపించాడు, ఛాతీ మీద రాసుకుని చూపించాడు. ఆమె చెమటలు కక్కుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్లు అని సైగ చేశాను. అంబులెన్సు నేనే పిలిచాను. అది వచ్చేదాకా ఉన్నాను. స్ట్రెచరు లిఫ్టులోకి ఎక్కిస్తుండగా ఆమె మళ్లీ "తెలావె" అంది. నేను కొండకి వెళ్లాను, వాళ్లిద్దరూ ఆసుపత్రికి.

ఆదివారమే, కొండ మీద

ప్రణాళిక పనిచేసింది. ఇది పొగరుతో రాయడం లేదు, చిట్టాలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రుల లైన్లు పెద్ద భాషలన్నిటిలో నిలబడ్డాయి. కాన్పుల వార్డుల్లో ఎక్కడా మాట తెగలేదు. సముద్రంలో ఒక పడవకి నిప్పంటుకుంటే రక్షణ దళం వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడి అందరినీ ఒడ్డుకి చేర్చింది. వీధుల్లో మాత్రం గొడవలు. ఒక లారీ డ్రైవరునీ ఒక టీకొట్టాయననీ, ఇద్దరూ ఒకే మాట చెబుతూ కొట్టుకుంటుంటే పోలీసులు విడదీశారట.

మధ్యాహ్నం దాటాక ఇరవో వచ్చాడు. కొండ దారిన నడిచి వచ్చాడు, చొక్కా అంతా తడిసిపోయి ఉంది. గేటు దగ్గర కాపలావాడు అతని మాట అర్థంకాక ఆపేశాడు. నేను బయటికి వెళ్లాను.

అతను చెవి చూపించాడు. ఆసుపత్రి వైపు చూపించాడు. రెండు చేతులూ తెరిచి చూపించాడు: డాక్టరు, అమ్మ, మధ్యలో ఏమీ లేదు. తరవాత మా భవనం వైపు చూపించాడు. అడుగుతున్నది నాకు పూర్తిగా అర్థమైంది.

లోపలికి వెళ్లి జోసఫ్‌ని అడిగాను. "తెవు భాషను ఇక్కడికి తేవచ్చా?"

"ప్రధాన కేంద్రంలో ఒక యంత్రం ఇంకా వేడెక్కకుండా ఉంది. దాన్లోంచి లాగొచ్చు మేడమ్. కానీ మన లింకు సామర్థ్యంలో సగం దానికే పోతుంది. అది వచ్చేదాకా రెండు కాన్పుల వార్డులు ఆపాలి." ఆగి, "ఆపమంటే ఆపుతాను" అన్నాడు.

వద్దన్నాను.

బయటికి వచ్చి ఇరవో ఎదురుగా నిలబడి తల అడ్డంగా ఊపాను. ఎందుకో చెప్పాలి. రెండు వార్డులు, పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, వాళ్ల పక్కన మాట తెలియని నర్సులు. ఇవన్నీ చేతులతో ఎలా చెబుతాను? కడుపు ముందు చెయ్యి గుండ్రంగా తిప్పాను. బిడ్డను ఎత్తుకున్నట్టు చూపించాను. అతను నా చేతుల వైపు చూసి నా ముఖం వైపు చూశాడు. ఏమనుకున్నాడో. మాకు పిల్లలు లేరు. నా సైగ అతనికి ఏ గాయాన్ని తాకిందో అప్పుడు తట్టలేదు, అతను వెనక్కి తిరిగి దిగిపోతుండగా తట్టింది.

జోసఫ్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"మేడమ్, మీరు వెళ్లండి. నేను కూర్చుంటాను. ఈ కుర్చీకి నన్ను తయారుచేసింది మీరే కదా. డ్రిల్లులో ఎన్నిసార్లు కూర్చున్నాను!"

"వెళ్లి ఏం చెయ్యను జోసఫ్? నాకు వాళ్ల భాష రాదు. ఇక్కడుంటే కనీసం పనికొస్తాను."

"అది కాదు మేడమ్..." అని ఆగిపోయాడు.

నేను ఉండిపోయాను.

సోమవారం

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కబురు. అత్తయ్య పోయింది.

కబురు చెప్పిన నర్సు తెలుగావిడే. ఆమెతో మాట్లాడటానికి ఏ యంత్రమూ అక్కరలేకపోయింది. "పెద్దావిడ ఏదో చెబుతానే ఉన్నారమ్మా, పొద్దుట్నించీ. కొడుకు మాకు చెప్పాలని చూసేవారు, మాకేమో తెలిసేది కాదు. మాత్రలు చూపిస్తే వద్దని తల ఊపేశారు. ఎందుకు వద్దన్నారో తెలీలేదు" అంది.

డాక్టరుని తరవాత అడిగాను. "భాష ఉన్నా బహుశా ఇంతే అయ్యేదండీ, గుండె బాగా దెబ్బతింది" అన్నాడు. మంచివాడు. 'బహుశా' అన్న మాటను నెమ్మదిగా అన్నాడు.

అప్పుడు కుర్చీ జోసఫ్‌కి ఇచ్చి వెళ్లాను. అప్పటికి ఇరవో అక్కడ లేడు. తెవువాళ్లు వచ్చి ఆమెను తమ వీధికి తీసుకెళ్లిపోయారు.

బుధవారం

నీళ్ల దారి తెరుచుకుంది. పైడిరాజు మనుషులు రెండు వరుసల వలలు కట్టారు. ప్రధాన కేంద్రం లేచింది. చెవుల్లో మాటలు తిరిగొచ్చాయి. వీధిలో జనం కావలించుకున్నారు. ఒకాయన చేపలావిడతో ఊరికే, ఏమీ కొనకుండా, చాలాసేపు మాట్లాడుతూ నిలబడ్డాడు.

అంత్యక్రియలు సాయంత్రం, రేవు చివర. తెవువాళ్లు తమవాళ్లను సముద్రంలోనే వదులుతారు. పడవ కదలకముందు ఇంటి కోడలు వల ఒక కొస పట్టుకుని మూడు మాటలు చెప్పి వదిలేయాలట. ఆ సంగతి నాకు చెప్పింది లానే అనే ఆవిడ. రేవులో హోటలు నడుపుతుంది, వాళ్ల వీధి మనిషే.

"ఆ మాటలు ఏమిటో చెప్పు, నేను చెబుతాను" అన్నాను. ఆమె చెప్పింది. చెవిబిళ్ల వెంటనే తెలుగు చేసి వినిపించింది. అసలు మాటలు నాకు చేరనే లేదు.

"చెవిబిళ్ల ఆపి మళ్లీ చెబుతావా?"

ఆపాను. ఆమె చెప్పింది. నేను పలకబోయాను. నాలిక తిరగలేదు. వెనక జనం ఎదురుచూస్తున్నారు, పోటు తగ్గిపోతోంది. చేతిసంచిలోని స్పీకరు తీసి, "నేను తెలుగులో అంటే ఇది మీ భాషలో చెబుతుంది" అన్నాను. ఒక ముసలాయన తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు.

నేను ఇరవో వైపు చూశాను. అతని చెవికి బిళ్ల లేదు. సేవ తిరిగొచ్చిందని తెలియదేమో అనుకుని నా చెవి చూపించి, జేబులోంచి కొత్త బిళ్ల తీసి ఇచ్చాను. తీసుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు.

వల కొస లానే పట్టుకుంది. ఆమె కోడలు కాదు, చుట్టం కూడా కాదు. ఆ మూడు మాటలూ చెప్పి వదిలింది. నేను ఒడ్డున నిలబడ్డాను. పడవ వెళ్లిపోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. నేను చెవిబిళ్ల మళ్లీ వేశాను.

"'తెలావె' అంటే ఏమిటి?" అని అడిగాను. "అత్తయ్య నన్ను అలా పిలిచింది. యంత్రం 'కోడలా' అని చెప్పేది."

లానే చెప్పింది: "కోడలే. కాకపోతే కోడలికి ఇంకో మాట ఉంది, మామూలు మాట. ఇది వల లాగేటప్పుడు అవతలి కొస పట్టుకునే మనిషి. నీకు బాగా నమ్మకమైన మనిషిని అలా అంటారు."

మరుసటి సోమవారం, సమీక్ష

ఇందుమతి గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. నిజాయితీగానే మెచ్చుకున్నారు.

"సంస్థ ఒక్క పూట కూడా మూతపడలేదు. ఏ ఆసుపత్రిలోనూ అత్యవసర లైను పోలేదు. హైమవతి గారూ, మీకు ఇంట్లో ఎంత కష్టం వచ్చిందో నాకు తెలుసు. ఆ కష్టంలోనూ మీరు కుర్చీ వదల్లేదు."

చప్పట్లు కొట్టారు. జోసఫ్ కొట్టలేదు. చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి నా కృతజ్ఞతలు.

ప్రణాళికలో ఏం మార్చాలో చెప్పమన్నారు. రెండు చెప్పాను. మొదటిది, చిన్న భాషలన్నీ కొండ కేంద్రంలో పెట్టడం. వెంటనే ఒప్పుకున్నారు. అది ఇంత తేలిగ్గా అయ్యే పనా అని నాకు లోపల కాలింది. ముందే గట్టిగా అడగవలసింది.

రెండోది చెప్పాను. "నెలకి ఒక రోజు ఊరంతా సేవ ఆపేద్దాం మేడమ్. ముందుగా చెప్పి, ఆసుపత్రులు తప్ప. ఆ ఒక్క రోజు పక్కవాళ్లతో చేతులతోనో, వచ్చిన నాలుగు మాటలతోనో గడుపుతారు. మన యంత్రాలకి డ్రిల్లు ఉంది. మనుషులకి లేదు. నిజంగా ఆగిన రోజున మా ఇంట్లో ఒకరి భాషలో మంచినీళ్లు అన్న మాట కూడా ఇంకొకరికి రాలేదు."

ఇందుమతి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ బాధ అర్థమవుతోందమ్మా. కానీ మనమే మన సేవ ఆపుకుంటామా? జనం మనం లేకుండా బతకడం నేర్చేసుకుంటే, మన సంస్థకి కొనసాగింపు ఏముంటుంది?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ హాస్యానికి అనలేదు. నేను కూడా ఎన్నోసార్లు అలాగే ఆలోచించాను. కొనసాగవలసింది సంస్థ అనుకున్నాను, సంస్థ ఎందుకు పుట్టిందో అది కాదు. నా ప్రణాళికలో ప్రతి కుర్చీకి మారు మనిషి ఉన్నాడు, నా కుర్చీకి కూడా ఉన్నాడు. కొండ దిగి, ఆసుపత్రిలో ఒక ముసలామె మంచం పక్కన కూర్చోవలసిన మనిషికి మాత్రం మారు లేదు. ఆ రెండు వార్డులు ఆపనందుకు నాకు బాధ లేదు. మళ్లీ అడిగినా ఆపను. భాష రాదు కదా, వెళ్లి ఏం చేస్తానని అనుకున్నానే, దానికి బాధ. వెళ్లి చెయ్యి పట్టుకుని ఉంటే ఆ చెయ్యికి ఏ అనువాదం కావాలి?

సమీక్షలో ఇది చెప్పలేదు. రెండో ప్రతిపాదన 'పరిశీలనలో ఉంచడమైనది' అని రాసుకున్నారు.

వానలు మొదలయ్యాక, ఒక ఆదివారం

చాలా రోజులుగా చిట్టా రాయలేదు. రాయవలసినంత ఏదీ ఆగలేదు.

ఇరవో ఇంటికి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. రేవులో పని దగ్గర చెవిబిళ్ల పెట్టుకుంటాడట, ఇంట్లో పెట్టుకోడు. మొదట్లో నేను తెలుగులో చెప్పేదాన్ని, అతను తెవులో చెప్పేవాడు, తరవాత ఇద్దరం మానేశాం. పోట్లాడుకోలేదు. పోట్లాటకి కూడా ఒక భాష కావాలి.

పని అయ్యాక లానే హోటలుకి వెళ్తున్నాను. చెవిబిళ్ల తీసేసి టీ తాగుతూ ఆమె దగ్గర నేర్చుకుంటున్నాను. చాలా నెమ్మది. 'హె' అంటే నువ్వు. 'మి' అంటే నేను. 'వాయి' అంటే రావడం. చివర 'నాతూ' పెడితే లేదు, కాదు అని. 'లోను' అంటే మళ్లీ. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఆ 'లోను'. లానే ఓపికగా మళ్లీ మళ్లీ చెబుతుంది. నా ఉచ్చారణ వినలేక ఒక్కోసారి వంటింట్లోకి వెళ్లి నవ్వుకుని వస్తుంది.

ఇవాళ వాన. ఇరవో పనికి వెళ్లలేదు. బాల్కనీలో తల్లి సగం అల్లిన వల సర్దుతున్నాడు. నేను చెవిబిళ్ల తీసి బల్ల మీద పెట్టాను, అది అతను చూసేలా. అన్నం పెట్టాను. పక్కన కూర్చున్నాను. వాళ్ల భాషలో "అన్నం" అన్నాను. అతని చేతిలో ఉన్న వల ఆగింది. "వాన" అన్నాను. అది తప్పు పలికినట్టున్నాను, సరిచేశాడు. గిన్నె, నీళ్లు, కిటికీ. ఒక్కొక్కటీ చెబుతుంటే ఒక్కొక్కటీ సరిచేశాడు. నవ్వలేదు.

తరవాత అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు, నత్తితో, వాన వైపు చూస్తూ. అలవాటుగా నా చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. అక్కడేమీ లేదు. అంత పొడవు మాటల్లో నాకు దొరికింది 'హె' ఒకటి, చివర 'నాతూ' ఒకటి.

"లోను" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు. ఈసారి అంతా చెప్పలేదు. నాకు అర్థమయ్యేటట్టు మూడు మాటలకి కుదించి, ఒక్కొక్కటీ విడివిడిగా అన్నాడు.

"హె. వాయి. నాతూ."

నువ్వు రాలేదు.

ఇన్నేళ్లలో యంత్రం లేకుండా అతని దగ్గర నాకు అర్థమైన మొదటి వాక్యం అది. కారణాలన్నీ తెలుగులో నాలిక మీదికి వచ్చాయి. కుర్చీ, వార్డులు, వరుస. మింగాను. నాకు వచ్చిన భాషలో నాకున్న జవాబు ఒక్కటే.

"మి వాయి నాతు" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "నాతూ" అన్నాడు, చివరి దీర్ఘం సాగదీసి. నేను తప్పు పలికాను, అది పొట్టిగా అనకూడదు.

మళ్లీ అన్నాను. సరిగ్గా రాలేదు. అతను వల పక్కన పెట్టి ఇంకోసారి చెప్పాడు. సరిగ్గా వచ్చేదాకా అంటూనే ఉన్నాను: నేను రాలేదు, నేను రాలేదు.